నాచు దండ

మా అత్తగారిల్లు ప్రొద్దుటూరులో. కింద నగల అంగడి, పైన కాపురం. మెట్లెక్కి హాల్లో అడుగుపెడితే ముందు కనిపించేది చేపల తొట్టి. అందులో ఉన్నవి మామూలు నీళ్ళు కావు, ఉప్పునీళ్ళు. సముద్రం చూడాలంటే పొద్దంతా బస్సులో కూర్చోవాల్సిన ఊళ్ళో, సంచుల్లో ఉప్పు తెప్పించి, ఫిల్టరు నీళ్ళలో కలిపి, ఇంట్లోనే సముద్రం తయారుచేసుకున్నారు. పెళ్ళయిన కొత్తలో నాకది చూస్తే నవ్వొచ్చేది. మా ఊరు జమ్మలమడుగు, మా నాన్నది అక్కడ స్టేషనరీ కొట్టు. మా ఇంట్లో తొట్టి అంటే స్నానాలకు నీళ్ళు పట్టుకునేదే.

ఆ తొట్టిలో రెండు చేపలుండేవి. అరచేతంత వెడల్పు, అప్పడమంత పలచన, పసుపులో ముంచి తీసినట్టు ఒళ్ళంతా ఒకే రంగు. తొట్టి బిగించడానికి బెంగళూరు నుంచి వచ్చిన మనిషి మొదట వేరే రకాలు చూపించాడట. వాటికి ఎండు రొయ్యలు వేయాలనగానే మా అత్త అతనికి గుమ్మం చూపించబోయిందట. చేపను పెంచుకోవచ్చు గానీ దాని తిండి మాత్రం శాకాహారమే కావాలని ఆమె పట్టు. అప్పుడతను సముద్రపు నాచు తిని బతికే ఈ పసుపు చేపలను తెచ్చాడు. ఆ నాచు కూడా అతనే పంపేవాడు. ఎండబెట్టి, కాగితాల్లా ఒత్తి, ఒకదాని మీద ఒకటి పేర్చిన నల్లటి రేకులు.

"పాచి గదా ఇది. పాచికి యాడన్నా దుడ్లు పోస్తారా?" అని మా అత్త మొదట్లో కొడుకు మీద కేకలేసిందట. తర్వాత ఆ చేపల రంగు ఆమెను పట్టేసింది. అంత పసుపు ఇంట్లో తిరుగుతుంటే ముత్తైదువలు తిరుగుతున్నట్టే ఉంటుందని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

చెప్పకుండా ఉంటే బాగుండేది. మా వీధిలో మాట పాకడానికి ఎంతోసేపు పట్టదు. ఫలానా వాళ్ళింట్లో పసుపు చేపలున్నాయి, వాటికి ఆకు వేస్తే ఇంటికి మంచిదట అని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఎవరికీ తెలియదు. ఇక నగలు కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు కమ్మలు చూసినా చూడకపోయినా, "ఒగ తూరి పైకి పోయి చేపకు ఆకేసి వస్తాం" అని మెట్లెక్కేవాళ్ళు. శుక్రవారమైతే చెప్పనక్కర్లేదు. ఆవుకు గడ్డి వేసినట్టు తలా ఒక ముక్క చింపి నీళ్ళలో వేసి, చేతులు కళ్ళకద్దుకుని దిగిపోయేవాళ్ళు.

ఆ చేప అలా వేస్తే తినదు. సముద్రంలో రాయికి అంటుకున్న నాచును అంచుల నుంచి కొంచెం కొంచెంగా గీరుకుని తినే అలవాటు దానిది. నీళ్ళలో వదిలేసిన రేకు, తొట్టిలో నీళ్ళు తిప్పే మోటారు తోపుకు గిర్రున తిరిగి, పీలికలై, రాళ్ళ సందుల్లోకి పోయి ఇరుక్కునేది. చేప కడుపులోకి పోయేది పిసరంత, కుళ్ళేది దోసెడు. ఇంత మేత వృథాగా పోతోందని నేను ఒకసారి అనబోతే మా అత్త నన్ను అక్కడే ఆపేసింది.

"పెట్టే చెయ్యికి అడ్డం పడగూడదు మ్మే."

నాకు మా అత్తంటే భయం. ఆమె గయ్యాళి కాదు, ఒక్కనాడూ గొంతు పెంచి నన్ను ఒక మాట అనలేదు. మాట్లాడేదే తక్కువ. కానీ అన్న మాట మాత్రం గోడకు కొట్టిన మేకులా దిగేది, పీకినా గుర్తు పోదు.

ఆ ఏడు దసరాకు ఇల్లు తిరునాళ్ళయింది. ప్రొద్దుటూరు దసరా సంగతి చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఇక్కడే ఉంటాయి. మైదుకూరు చుట్టాలు, అంగడి వాడుకదార్లు, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు, అందరూ చేపకు పుణ్యానికి నాచు వేసినవాళ్ళే. పండగ ముగిసేసరికి తొట్టిలో నీళ్ళు కుడితిలా అయ్యాయి. దగ్గరికి పోతే మురిగిన వాసన. రెండు చేపల్లో ఒకటి మూలకు ఒరిగి, మొప్పలు ఎగరేస్తూ ఊపిరి తీసుకుంటోంది. మర్నాటికి పోయింది. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే అదే. దాన్ని ముట్టుకోవడానికి ఇంట్లో ఎవరికీ చేతులు రాలేదు, అంగట్లో పనిచేసే మనిషి వచ్చి తీసుకుపోయాడు. ఇంట్లో మనిషి పోయినట్టు మా అత్త తలకు పోసుకుంది.

అప్పటికి నాకు మూడో నెల. ఆ వారంలోనే నాకు కడుపు పోయింది.

డాక్టరమ్మ మంచిది. తొలి నెలల్లో ఇలా చాలామందికి అవుతుందని, ఎవరి తప్పూ కాదని నెమ్మదిగా చెప్పింది. ఇంటికొచ్చి పడుకున్నాను. మా అత్త మిరియాల చారు కలిపిన అన్నం తెచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది. తలుపులోంచి హాల్లో తొట్టి కనిపిస్తోంది. అటు చూస్తూ అంది.

"ముందు అది పాయ. యనకాలే ఇది పాయ."

తిట్టలేదు, నా కాలు మంచిది కాదని అనలేదు. ఆమెకు తోచింది ఆమె అనుకుంది, అంతే. గిన్నె తీసుకుని లేచి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ మాటను పట్టుకుని ఉండిపోయాను.

మళ్ళీ నెల తప్పిందని తెలిసిన పొద్దున నేను నేరుగా తొట్టి దగ్గరికి పోయాను. మిగిలిన ఒక్క చేప రాళ్ళ మధ్య తిరుగుతోంది. అద్దం మీద చెయ్యి పెట్టి, నువ్వు చావొద్దు అని అన్నాను. డిగ్రీ చదివినదాన్ని. చేప చావుకూ కడుపు పోవడానికీ సంబంధం లేదని ఎవరికైనా వివరంగా చెప్పగలను, నాకు తప్ప. చేప బాగుంటే బిడ్డ బాగుంటుంది, చేప పోతే బిడ్డ పోతుంది. ఈ లెక్క నా లోపల ఎవరు వేశారో గానీ చెరిపితే చెరగలేదు. మా ఆయనకు చెబితే నవ్వుతాడు. మా అమ్మకు చెబితే దిష్టి తీస్తుంది. అత్తకు చెబితే అవునంటుంది. అన్నిటికన్నా అదే భయం.

అందుకని ఎవరికీ చెప్పలేదు. పొద్దున కళ్ళు తెరవగానే కడుపు మీద చెయ్యి వేసుకునేదాన్ని, తర్వాత లేచి హాల్లోకి పోయేదాన్ని. పడక నుంచి తొట్టి దాకా ఉన్న ఆ కాస్త దూరం నాకు ప్రాణాంతకం. ఒకనాడు తెల్లవారుతుండగా పోయి లైటు వేస్తే, చేప పాలిపోయి ఉంది. పసుపంతా ఎవరో కడిగేసినట్టుంది. పక్కన పొడుగ్గా తెల్లటి పట్టీ. గోడ పట్టుకుని అక్కడే కూలబడ్డాను. నేను చూస్తుండగానే కాసేపటికి ఆ చేపకు మెల్లగా రంగు తిరిగొచ్చింది, ఏమీ ఎరగనట్టు రాయిని గీకడం మొదలుపెట్టింది. ఆ జాతి చేపలు చీకట్లో అలా రంగు తగ్గుతాయని, అది మామూలేనని బెంగళూరు మనిషి ఫోన్లో నవ్వాడు. మామూలేనని తెలిశాక కూడా నేను ప్రతి పొద్దునా భయపడ్డాను.

అతన్ని నేను వదల్లేదు. మొదటి చేప ఎందుకు పోయిందని అడిగాను. ఆకలితో పోయే చేపలకన్నా మిగిలిన మేత కుళ్ళి పోయే చేపలే ఎక్కువన్నాడు. ముక్క చిన్నదిగా ఉండాలి, కదలకుండా ఉండాలి, మిగిలింది పూట దాటకుండా తీసేయాలి. అంతకన్నా మంత్రమేమీ లేదన్నాడు. అప్పటికప్పుడు ఒక క్లిప్పు కూడా పంపాడు, అద్దానికి అంటించి నాచును కరిపించేది. నేను రేకును తమలపాకంత కత్తిరించి క్లిప్పుకు పెట్టాను. చేప వచ్చి ఒక్క గుంజు గుంజింది. ముక్కకు ముక్కే ఊడి మోటారు జాలీకి పోయి అతుక్కుంది. నేను చేతిజల్లెడ పట్టుకుని దాని వెంట పడ్డాను.

ఇంతలో పులివెందుల నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. గండి ఆంజనేయస్వామికి మొక్కు తీర్చుకుని, అటునుంచటే పుట్టింటికి వచ్చింది. మా ఆయనకు అక్క, నోరున్న మనిషి. కాళ్ళు కడుక్కుని, ప్రసాదం అందరికీ పెట్టి, నాచు ప్యాకెట్టు విప్పి రెండు రేకులు నిండుగా చేతిలోకి తీసుకుంది. నాకు దసరా నీళ్ళ వాసన ముక్కుకు తగిలింది. ఏం చేస్తున్నానో తెలియకుండానే పోయి ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"వద్దు వదినా."

"ఏంది? మా యింట్లో చేపకు నేను పెట్టగూడదా?"

"ఎక్కువైతే నీళ్ళు చెడిపోతాయి వదినా."

"అమ్మా, ఈడికి రా. నీ కోడలు నా చెయ్యి పట్టుకుంటాంది చూడు!"

మా అత్త వంటింట్లోంచి వచ్చింది. పెట్టే చేతిని నేను అడ్డం పట్టుకున్నాను, అదీ ఇంటి ఆడబిడ్డ చేతిని, అదీ గండి నుంచి వచ్చిన చేతిని. వదిలేయాలని తెలుసు. వేళ్ళు రాలేదు. మా అత్త నా చేతిని చూసింది, నా మొహం చూసింది, తర్వాత నా కడుపు వైపు చూసింది. ఆ చూపుతో నాకు అర్థమైపోయింది, నేను ఎవరికీ చెప్పని లెక్క ఆమెకు తెలుసు. ఆమె లోపల కూడా అదే లెక్క నడుస్తోంది.

"ఇంగ చేప మేత ఆయమ్మిది," అంది కూతురితో. "ఎవురూ ముట్టొద్దు. నువ్వు గూడా."

మా ఆడబిడ్డ కాఫీ కూడా తాగకుండా పులివెందుల బస్సెక్కింది. ఆ రోజు నుంచి పైకి వచ్చిన ఆడవాళ్ళకు మా అత్తే గుమ్మంలో ఎదురుపోయి, చేపకు ఒంట్లో బాగలేదని అబద్ధం చెప్పి దింపేసేది. పెట్టే చేతికి అడ్డం పడగూడదన్న మనిషి.

దండ సంగతి కనకాంబరాలు కడుతుండగా తట్టింది. సాయంత్రం దేవుడి పటాలకు మా అత్తా నేనూ కలిసి పూలు కట్టడం అలవాటు. పూల కాడలు రెండు ఇటు, రెండు అటు పెట్టి, దారం మెలేసి బిగిస్తే గాలికి రెక్క ఊడుతుందే గానీ పువ్వు ఊడదు. నాచును చిటికెన వేలంత ముక్కలు కత్తిరించి, తొట్టి నీళ్ళలోనే తడిపి మెత్తబరిచి, మడతపెట్టి, తెల్లటి నూలు దారంతో పూలలాగే వరసగా కట్టాను. ఆ దండను గరుకు రాయికి చుట్టి, మోటారు తోపు తగలని మూలలో దించాను. చేప వచ్చి గుంజింది. కొస మాత్రమే తెగింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ కొసే తెగింది. పొద్దున దించిన దండను మధ్యాహ్నం దాకా గీరుకుంటూ తిని, వట్టి దారం మిగిల్చింది. జాలీ మీద ఒక్క పీలిక లేదు. ఒక రేకు అంతకుముందు ఒక పూటకు చాలేది కాదు, ఇప్పుడు రోజులకు రోజులు వస్తోంది.

మా అత్త వచ్చి ఆ దారాన్ని తీసి చూసింది.

"ముడి వదులుగా కట్టినావు. ఇంగ కొంచెం బిగియ్యల్ల," అంది. ఆ మాటకు నేను ఏడ్చేశాను. ఎందుకో నాకే తెలియదు.

నీళ్ళు తేటబడ్డాయి. చేప నిగనిగలాడింది. నాకు నెలలు నిండుతున్న కొద్దీ భయం తగ్గాలి కదా, పెరిగింది. పోగొట్టుకోవడానికి ఇప్పుడు నా దగ్గర ఎక్కువ ఉంది. సీమంతం చేసి పుట్టింటికి పంపే రోజు దగ్గరపడింది. జమ్మలమడుగు ఎంతో దూరం కాదు, కానీ ఒకసారి పోయాక కాన్పయ్యేదాకా మళ్ళీ గడప దాటి రాకూడదని ఆచారం. పైగా డాక్టరమ్మ ప్రయాణాలు వద్దంది. చేపను అత్త చేతుల్లో పెట్టి పోవాలి. ఎంత ముక్క, ఎంతసేపు నానబెట్టాలి, ఏ మూల దించాలి, మిగిలింది ఎప్పుడు తీయాలి, చెప్పిందే చెప్పాను. కారెక్కబోతూ మళ్ళీ చెప్పాను.

"చెప్పింది చాల్లే, పో. నేను చూసుకుంటా," అంది మా అత్త.

జమ్మలమడుగులో మా నాన్న కొట్టు తెరవడానికి బయలుదేరే వేళకు రోజూ అత్త దగ్గర నుంచి ఫోన్ వచ్చేది. ఫోన్లో మాట్లాడటం ఆమెకు గిట్టదు, పెళ్ళయినప్పటి నుంచి తనకుగా నాకెప్పుడూ చేసింది లేదు. అలాంటిది ఒక్క రోజు తప్పలేదు. చేప కోసం ఇంత పట్టింపుగా ఉందని నాకు ఆమె మీద ఇష్టం కలిగింది. మోగగానే ఎత్తేదాన్ని.

"తినిందా అత్తా?"

"తినింది. దండంతా తినింది."

"దారం తీసేసినారా?"

"తీసేసినా. నీళ్ళు తేటగా ఉండాయి. నువ్వు తిన్యావా?"

అంతే, పెట్టేసేది. మా ఆయన వచ్చినప్పుడు అడిగితే, "అమ్మనే చూసుకుంటాంది, నన్ను దగ్గరికే రానీదు," అనేవాడు. ఫోటో పంపమంటే పంపేవాడు. రాయి, దాని చుట్టూ నాచు, పక్కన పసుపు చేప. నేను ఆ ఫోటోలను పెద్దవి చేసి మొప్పలు, రెక్కలు, కళ్ళు పరీక్షగా చూసుకునేదాన్ని. మా అమ్మ ఏం చూస్తున్నావంటే బట్టలు అనేదాన్ని.

ఒకరోజు అత్త, "ఈ పొద్దు సగమే తినింది మ్మే," అంది. ఆ సగం మాట నన్ను కోసేసింది. నీళ్ళు మార్చారా, మొప్పలు ఎగరేస్తోందా, రంగు ఎలా ఉందని ప్రశ్న మీద ప్రశ్న వేశాను. "ఏమీ ల్యా, ఊరికే తినల్యా," అని పెట్టేసింది. ఆ రోజంతా బిడ్డ కదులుతోందా లేదా అని కడుపు పట్టుకుని కూర్చున్నాను. కదిలితే ఇదే చివరిసారేమో అనిపించేది, కదలకపోతే అయిపోయిందనిపించేది. మర్నాడు ఫోన్ మోగేదాకా నేను మనిషిని కాదు.

"తినింది. నిన్నటిది గూడా కలిపి తినింది," అంది అత్త. అప్పుడు లేచి స్నానం చేశాను.

ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది, గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక నాకు చేప గుర్తే రాలేదు. ఒళ్ళో పిల్ల, పాలు, నిద్రలేమి, పసికందు పచ్చకామెర్లు, వాటి భయాలు వేరే. అత్త వచ్చి పిల్లను చూసి, నుదురు నిమిరి, ఎక్కువసేపు ఉండకుండా వెళ్ళిపోయింది. 

మూడో నెలలో పిల్లతో ప్రొద్దుటూరు చేరాను. గుమ్మంలో ఎర్రనీళ్ళతో దిష్టి తీశారు. మెట్లెక్కి హాల్లోకి వచ్చాను. తొట్టి అక్కడే ఉంది. నీళ్ళు లేవు, రాళ్ళు లేవు, మోటారు లేదు. ఆరిపోయిన అద్దాల మీద తెల్లటి ఉప్పు చారలు మాత్రం ఉన్నాయి. నేను చేసిన మొదటి పని పిల్లను గట్టిగా రొమ్ముకు అదుముకోవడం. పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. ఊపిరి ఉంది, వెచ్చగా ఉంది, అయినా నేను దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

"ఎప్పుడు పాయ అత్తా?"

"నువ్వు పోయిన వారానికే," అంది ఆమె. "ఎందుకో తెలీదు. దండ అట్లనే ఉన్నింది, ముట్టల్యా. ఎవుర్నీ పిలవల్యా. నా చేత్తోనే తీసి పెరట్లో పూడ్చిపెట్టినా."

చేప ముల్లు ఇంట్లోకి రానివ్వని మనిషి, మొదటి చేప పోయిన రోజు దాన్ని ముట్టుకోలేకపోయిన మనిషి, చచ్చిన చేపను తన చేత్తో తీసింది. ఫోటోలన్నీ పాతవే, ఆమే కొడుకుతో పంపించిందట. నేను సోఫాలో కూర్చున్నాను. అడగాల్సినవి చాలా ఉన్నాయి, నోట్లోంచి వచ్చింది ఒకటే.

"మరి ఒగ పొద్దు సగమే తినిందన్యారే?"

"రోజూ బాగుంది, బాగుంది అంటే నువ్వు నమ్ముతావా?"

ఆమె చేతులు చీర కొంగును మెలిపెడుతున్నాయి. ముందు అది, వెనకాలే ఇది అన్నది ఈమే. నాకన్నా ముందు నుంచి, నాకన్నా గట్టిగా నమ్మిన మనిషి. చేప పోయిందని తెలిసి, నాకు నెలలు నిండేదాకా రోజూ పొద్దున ఆ గొంతు తడబడకుండా "తినింది" అని ఎలా చెప్పిందో నాకు అర్థం కాలేదు.

"మీకు భయం కాలేదా అత్తా?"

"కాకపోతే?" అంది. "జమ్మలమడుగు నుంచి ఏం మాట వస్తాదో అని పానం గుప్పిట్లో పెట్టుకోనుంటి. అది వచ్చేలోపల నేనే ఫోన్ చేస్తాంటి. నువ్వు ఎత్తీ ఎత్తకనే చేప తినిందా అంటావు గదా, ఆ మాట చెవిలో పడితే ఆ పొద్దుకు బిడ్డ బాగుండాదని అర్థం. బిడ్డకేమన్నా అయింటే నీకు చేప యాడ గుర్తుంటాది?"